ఊ అన్నాకే అడుగు

ముందే చెప్పేస్తున్నాను, ఆ పిల్ల చచ్చిపోలేదు. మన దగ్గర ఒక మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే ముందు ఆ మనిషి పోవాలి. పోయాక ఫొటోకి దండ వేసి, తీరని లోటు అని మొదలుపెడతారు. నాకు అంత ఓపిక లేదు. బతికున్న మనిషి గురించే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆ పేరు పోలీసు కాగితాల్లోకి ఎక్కింది, కోర్టు గుమ్మం దగ్గర బంట్రోతు నోట్లో వాయిదా వాయిదాకీ నలుగుతోంది. నా చేతిలో కూడా ఎందుకు నలగాలి?

రాయడానికి కారణం మొన్నటి ఆదివారం. చెల్లెలి కూతురూ అల్లుడూ విశాఖపట్నం నుంచి కారేసుకుని వచ్చారు. "పెద్దమ్మా, రిటైరైన దగ్గర్నుంచి గుమ్మం దాటడం లేదు నువ్వు, పద" అని నన్ను శృంగవరపుకోట ఇంట్లోంచి లేవదీసి కొండ మీదకి తీసుకెళ్ళారు. అక్కడ కొత్తగా రిసార్టు పెట్టారట, భోజనం బాగుంటుందట. రోడ్డు నల్లగా, నున్నగా ఉంది. మలుపు మలుపుకీ తెల్లగీతలు, అద్దాలు. కడుపులో నీళ్ళు కదలకుండా వెళ్ళాం.

భోజనాలయ్యాక మా పిల్ల "పెద్దమ్మా, ఇటు రా, ఫొటో" అని పిలిచింది. గేటు పక్కన సిమెంటు చప్టా. చప్టా మీద ఒక డోలీ. పొడుగాటి వెదురుబొంగుకి ఉయ్యాల్లాగ కట్టిన దుప్పటి, అంతే డోలీ అంటే. రోడ్డులేని కొండ ఊళ్ళ నుంచి జ్వరమొచ్చినవాళ్ళనీ, నొప్పులొచ్చినవాళ్ళనీ అందులోనే మోసుకొస్తారు. ఇక్కడ దాన్లో ఎర్ర మఖమల్ దిండు వేశారు, చుట్టూ ప్లాస్టిక్ బంతిపూలు కట్టారు. ముందొకడు, వెనకొకడు, నెత్తిన ఈకల టోపీలతో ఇద్దరు కుర్రాళ్ళు. టూరిస్టు ఎక్కి కూర్చుంటే చప్టా ఈ చివర నుంచి ఆ చివరకి మోసి దింపుతారు. పైన బోర్డు, సెల్ఫీ పాయింటు.

స్తంభానికి కట్టిన స్పీకర్లోంచి డప్పు మోగుతోంది. డప్పు మీద ఒక మగగొంతు.

"రాయి."

"ఊ."

"నీరు."

"ఊ."

"కొమ్మ వంగు."

"ఊ."

"బాగుంది కదా పెద్దమ్మా" అంది మా పిల్ల. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గొంతు నాకు తెలుసు. ఆ పిల్ల తండ్రిది.

ఆ పిల్లని నేను మొదట చూసింది మా కాలేజీలో. నేను తెలుగు చెప్పేదాన్ని. పిల్ల ఆ పై కొండల నుంచి ఆశ్రమ పాఠశాలలో చదువుకుని బీఏకి వచ్చింది. ఇంట్లో మాట ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు, మా దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు. మొదటి రోజే ఇంగ్లీషు మేష్టారు హాజరు పిలుస్తుంటే తన పేరు రాగానే "ఊ" అంది. క్లాసంతా నవ్వింది. మేష్టారు "గేదెలా ఆ ఊ ఏమిటి?" అని గంట కొట్టేదాకా నిలబెట్టేశారు. పిల్ల ఏడవలేదు. నేరమేమిటో అర్థంకాక, గోడకేసి చూస్తూ అలాగే నిలబడింది.

స్టాఫ్ రూముకి పిలిచి అడిగాను, ఎందుకలా అన్నావే అని.

"పిలిస్తే ఊ అనాల కదా మేడమ్" అంది. "ఊ అనకపోతే ముందోడు కదలడు."

"ఎవడే ముందోడు?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊరికి దారి లేదు. రాళ్ళు, వాగు, ఏటవాలు. వాళ్ళ నాన్న ఊరి డోలీకి ముందు మోతగాడు. ముందున్నవాడికి దారి కనిపిస్తుంది. వెనకవాడికి కనిపించేది దుప్పటి ఒక్కటే. అందుకని ముందువాడు దారిని పిలుస్తూ పోతాడు, రాయి, నీరు, దిగుడు అని. వెనకవాడు విన్నానని ఊ అనాలి. ఊ అన్నాకే అడుగు. అనకపోతే మోకాళ్ళ లోతు వాగులో ఉన్నా సరే, ముందువాడు పెట్టిన కాలు పెట్టినట్టే ఉంచుతాడు. పిలవకుండా అడుగేసినవాడికి ఆ ఊళ్ళో మళ్ళీ బొంగు అందివ్వరు.

"మరి మాస్టారు పిలిచాడు, నాను ఊ అన్నాను. తప్పేటి?" అని నన్నే అడిగింది. హాజరు చిట్టా చూసి పిలిచేవాడికి వెనక మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే అని చెప్పనా?

ఆ అలవాటు ఆ పిల్లని ఎక్కడా వదల్లేదు. బజారుకి నాతో వస్తే పక్కన నడవదు, ముందు నడుస్తుంది. వెనక్కి తిరగకుండా "పేడ, మేడమ్" అంటుంది. "గొయ్యి" అంటుంది. "ఆవు" అంటుంది. నేను ఏదో ఆలోచనలో పడి ఊ అనలేదో, నడిబజార్లో స్తంభంలా నిలబడిపోతుంది. వెనక ఆటోవాడు హారన్ మీద చెయ్యి తియ్యడు.

"ఒసే, నడువే! ఆటోవోడు తిడతన్నాడు."

"మీరు ఊ అననేదు మేడమ్."

ఛందస్సు చెప్పి బతికినదాన్ని, ఆ మూడేళ్ళూ మా శృంగవరపుకోట బజారంతా చిన్నపిల్ల కథకి ఊ కొట్టినట్టు ఊ కొడుతూ తిరిగాను. కూరగాయల దుకాణం ముసల్ది "ఏటమ్మా, మీకేటైనా మొక్కా?" అని కూడా అడిగింది.

మాట కూడా అలాగే, మొహాన కొట్టినట్టు ఉండేది. కాలేజీ వార్షికోత్సవానికి ట్రైబల్ డాన్సు పెట్టారు. పట్నం పిల్లలు మొహాలకి నల్లరంగు పూసుకుని, తలకి ఈకలు కట్టుకుని సినిమా పాటకి గెంతడానికి తయారయ్యారు. ఈ పిల్లని స్టెప్పులు నేర్పమన్నారు. వచ్చింది, చూసింది. "మా కొండ మీద ఈకలుండేది కోడికే మేడమ్. ఈలందరికీ కోడి కూత నేర్పమంటారేటి?" అంది. ప్రిన్సిపాలుగారికి కోపమొచ్చింది. నాకు నవ్వొచ్చింది. చివరికి ఆ రోజు తనొక్కతే స్టేజీ ఎక్కింది. హాస్టలు కంచం ఒకటి తిరగేసి, దాని మీద వేళ్ళతో వాన చినుకులు పడ్డట్టు వాయిస్తూ, వాగు దాటేటప్పటి పిలుపుల్ని తానే పిలిచి తానే ఊ కొడుతూ పాడింది. పాటో నాటకమో ఎవరికీ అర్థం కాలేదు. కానీ ఆఖరి బెంచీ పోకిరీలు కూడా నోరెత్తలేదు. వాగు మధ్యలో ఉన్నంతసేపూ హాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది.

అక్కడి నుంచి హైదరాబాదులో ఎంఏ. అక్కడి నుంచి, మీరు నమ్మినా నమ్మకపోయినా, స్కాలర్‌షిప్పు మీద నార్వే. మోతగాళ్ళ పిలుపుల మీదే పరిశోధన. ప్రపంచంలో బరువులు మోసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎలా పిలుచుకుంటారని. మా ఊళ్ళో చదువుకున్న పెద్దమనుషులు "డోలీ మీద డాక్టరేటా!" అని వక్కపొడి నములుతూ నవ్వారు. వాళ్ళ కొడుకులు మరి దేని మీద డాక్టరేట్లు తెచ్చారో నాకు తెలియదు.

అక్కడి నుంచి ఫోను చేసేది.

"మేడమ్, ఇక్కడ రోడ్డు మీద మంచు గాజులాగ ఉంటాది. నాను ముందెల్తా, జారతాది అని అరుస్తాను. ఎనకాల ఎవులూ ఊ అనరు."

"మరి నువ్వేం చేస్తావు?"

"అలగే నిలబడిపోతాను. ఈ పిల్లకి పిచ్చేమో అని సూసుకుంటా పోతారు."

"ఊ" అనేదాన్ని నేను, ఇక్కడ కోటలో కూర్చుని. "ఇప్పుడు నడువు."

అటువైపు నవ్వు వినిపించేది, తర్వాత మంచు మీద బూట్ల చప్పుడు.

రెండో ఏడు పిలుపులు రికార్డు చేసుకోవడానికి ఊరొచ్చింది. అప్పుడు వాళ్ళ వదినకి నెలలు నిండాయి. ముసురు. తెల్లారి నొప్పులొస్తే డోలీ కట్టారు. ముందు తండ్రి, వెనక అన్న. ఈ పిల్ల దుప్పటి మీద గొడుగు పట్టుకుని పక్కనే నడిచింది. రికార్డింగు యంత్రం మెడలో వేలాడుతోంది. ముందు రోజు నుంచీ మెడలోనే ఉంది, బయల్దేరినప్పుడు అలవాటుగా నొక్కింది, తర్వాత దాని సంగతే మర్చిపోయింది. రాయి, ఊ. నీరు, ఊ. కొమ్మ వంగు, ఊ. తారురోడ్డు ఇంకో రెండు మలుపులుందనగా తండ్రి "దిగుడు" అన్నాడు. వెనక నుంచి ఊ రాలేదు. తండ్రి కాలు కదపలేదు. మళ్ళీ "దిగుడు" అన్నాడు. రాలేదు. అన్నకి దుప్పటి కదలడం లేదని తెలిసిపోయింది. ముగ్గురూ ఆ వానలో అలాగే నిలబడిపోయారు. తల్లి పోయింది, కడుపులో బిడ్డా పోయింది. కింద రోడ్డు మీద అంబులెన్సు సిద్ధంగానే ఉంది. అంబులెన్సు సమయానికి చేరిందని పేపర్లో కూడా వేశారు. చేరింది నాయనా, అంబులెన్సు చేరింది. చేరాల్సినది అదా?

ఆ పిల్ల తిరిగి నార్వే వెళ్ళింది. అక్కడ యూనివర్సిటీ వాళ్ళు పెద్ద హాల్లో విద్యార్థుల చేత సంగీత ప్రదర్శన పెట్టించారు. ఈ పిల్ల ఆ రికార్డుని తీసుకుని, కంచం మీద వేళ్ళతో వాన వాయిస్తూ, తండ్రి పిలుపుల్ని ఉన్నవి ఉన్నట్టు వినిపించింది. "ఎందుకు వినిపించావే? ఆ గొంతు ఎలా విన్నావు మళ్ళీ?" అని ఫోన్లో గట్టిగానే తిట్టాను.

"ఆలు ఇనాలని" అంది.

"విన్నారా?"



"ఆకర్ని నాన్న దిగుడు అన్నాడా, ఊ రానేదా, అందరూ అయిపోనాదనుకున్నారు మేడమ్. లేసి నిలబడి సప్పట్లు కొట్టినారు. శానా సేపు కొట్టినారు."

చప్పట్లు కొట్టినవాళ్ళని ఏమనను? వాళ్ళకి తెలియదు. కానీ ఆ హాల్లో ఒక ముసలమ్మ ఉందట. అక్కడి ఉత్తరాన మంచులో దుప్పుల మందల్ని కాచుకునే జాతి మనిషి. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. అందరూ వెళ్ళాక కర్ర పోటేసుకుంటూ స్టేజీ దగ్గరికొచ్చి, మనవరాలి చేత ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట అడిగించింది, ఆ తరవాత వెనక మనిషి బదులు చెప్పాడా అని. ఈ పిల్ల లేదంటే, ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడి చెయ్యి పట్టుకుందట. దేశంకాని దేశంలో, భాష రాని ముసలమ్మకి తట్టింది. మన జిల్లాలో, మన భాషలో, మన జీతం తినే ఒక్క ఆఫీసరుకి తట్టలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు పటపటమంటాయి.

ఆ చప్పట్ల తర్వాత ఆ పిల్ల అక్కడ నిలవలేకపోయింది. పరిశోధన చివరి భాగం ఊళ్ళో కూర్చుని రాస్తానని వచ్చేసింది. వచ్చి, రోడ్డు కోసం తిరగడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళ చేత అర్జీలు పెట్టించింది. ఇక్కడంటే అక్కడికి వెళ్ళమన్నారు, అక్కడికెళితే అటవీ శాఖ ఒప్పుకోవాలన్నారు, అటవీ శాఖ దగ్గరికెళితే అసలు ఆ ఊరు మా మ్యాపులో లేదన్నారు. ఓట్లప్పుడు మాత్రం ఉంటుంది మ్యాపులో! ఓటు పెట్టెలు ఆ రాళ్ళ మీద నుంచే ఎక్కుతాయి, దిగుతాయి. ఒక పెద్దాయన "మీరు చదువుకున్నవాళ్ళు, మీరే కిందికొచ్చి ఉండొచ్చు కదమ్మా, ఆ కొండ మీద ఏముంది?" అన్నాడట. "మీరు సదువుకున్నోలే కదా బాబూ, ఓసారి పైకొచ్చి ఏటున్నాదో సూడండి" అని వచ్చేసింది.

చైత్రంలో వాళ్ళకి ఇటికల పండగ. మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, వచ్చే పోయే బళ్ళని ఆపి, పాట పాడి, చిల్లర అడుగుతారు. ఇష్టమున్నవాడు ఇస్తాడు, నవ్వుకుంటూ పోతాడు. తరాల నుంచీ ఉన్న ఆచారం, కోట నుంచి కొండెక్కే ప్రతి డ్రైవరుకీ తెలుసు. ఆ ఏడు నన్నూ పండక్కి రమ్మంది. వెళ్ళాను. కళ్ళారా చూసిందే రాస్తున్నాను, చెవులతో విన్నది కాదు.

దుంగ పక్కన ఆ రోజు డోలీ కూడా పెట్టుకుని కూర్చున్నారు ఆడవాళ్ళు. బైకులొచ్చాయి, బస్సు వచ్చింది, అన్నిటినీ పాడి, నవ్వి, వదిలేశారు. అప్పుడొచ్చింది ఒక పెద్దాఫీసరు బండి. వెనక ఇంకో బండిలో కొలతలు కొలిచేవాళ్ళు, ఇద్దరు విలేఖర్లు. ఆ కొలతలు ఈ రిసార్టుకేనని మాకప్పుడు తెలియదు. ఆఫీసరు అద్దం దించి నవ్వుతూ నోటు చాపాడు. ఈ పిల్ల ముందుకెళ్ళింది.

"డబ్బులొద్దు బాబూ. బదులు కావాల. మా ఊరు ఎన్నిసార్లు పిలిసినాదో మీ ఆఫీసులో ఉన్నాది. ఊ అంటే ఎల్లిపోండి, కాదంటే కాదనేసి ఎల్లిపోండి. ఏదీ అనకపోతే మాత్రం కదలం. మా రివాజు అది."

"పైనుంచి శాంక్షన్ రావాలమ్మా. నా చేతిలో ఏముంది?"

"సేతిలో నేకపోతే బుజం మీదెట్టండి. దిగి ఈ డోలీ ఆ మలుపు దాకా మోయండి. దారి ఎలగుంటాదో మీకే తెలుస్తాది."

వెనక విలేఖర్లు కెమెరాలు ఎత్తారు. కెమెరా చూడగానే ఆయన మొహం వెలిగింది. దిగాడు. బూట్లు విప్పమంటే విప్పలేదు. డోలీలో మనిషి వద్దు, బియ్యం మూట వేస్తే చాలన్నాడు. వేశారు. ముందు ఆయన, వెనక ఆ పోయిన వదిన తల్లి. రోడ్డు దిగి కాలిదారి పట్టారు. రాయొచ్చింది. ఆయన పిలవలేదు. కెమెరా వైపు నవ్వుతున్నాడు. పిలవకపోతే వెనక మనిషి ఎలా కదులుతుంది? ఆవిడ నిలబడిపోయింది. "పిలు బాబూ, పిలు!" అని ఆడవాళ్ళు అరిచారు. ఆయన బొంగుని బలంగా ముందుకి లాగాడు, రాయి తన్నుకుని బోర్లా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది, ప్యాంటు బురదయింది. పకపకా నవ్వింది ఎవరో కాదు, ఆయన డ్రైవరే.

మర్నాటికి కేసు. విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద దాడి, రోడ్డు దిగ్బంధం, జనాన్ని రెచ్చగొట్టడం. పిలవక పడ్డవాడు బాధితుడు! ఏళ్ళ తరబడి పిలిచి పిలిచి గొంతు పోయినవాళ్ళు నేరస్థులు! నేను పోలీసు స్టేషనుకి వెళ్ళి, నేను చూశాను, నా సాక్ష్యం రాసుకోండి అన్నాను. "మేడమ్, మీరు పెద్దవారు, ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి" అన్నాడు లోపలున్న అబ్బాయి. మా కాలేజీలోనే చదివాడు. మర్యాద నేర్పింది కూడా నేనే కాబోలు.

కేసు తేలే వరకూ పాస్‌పోర్టు కొత్తది ఇవ్వరట. పాతదాని గడువు తీరింది. గడువులోగా వెళ్ళి పరిశోధన అప్పజెప్పలేదని అక్కడి యూనివర్సిటీ వాళ్ళు స్కాలర్‌షిప్పు ఆపేశారు. ఇక్కడివాళ్ళు కర్రతో కొడితే అక్కడివాళ్ళు మెత్తగా, క్షమాపణలు చెప్పుకుంటూ కొట్టారు. పిలుపులు పట్టిన యంత్రం అక్కడి యూనివర్సిటీదే కాబట్టి రికార్డులన్నీ వాళ్ళ దగ్గర దాచారు. విద్యార్థి కాకుండా పోయింది కాబట్టి వాటిని తెరిచే వీలు ఈ పిల్లకి లేకుండా పోయింది. కోర్టు అరుగు మీద నా పక్కన కూర్చుని ఒకసారి చెప్పింది.

"మా నాన్న గొంతు ఇనాలంటే నానే అడుక్కోవాల మేడమ్. అడిగినాను. రూల్సు ఒప్పవంట. ఆలూ ఊ అననేదు."

కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. కాలి బొటనవేలితో అరుగు మీద గీతలు గీస్తూ కూర్చుంది. బంట్రోతు పేరు పిలిచాడు. "ఊ" అని లేచింది. లోపల మెజిస్ట్రేటు సెలవట, వాయిదా వేశారు.

ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. పిల్లలకి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు కలిపి పాఠాలు చెబుతుంది. కంచాల మీద వానని వాయించడం నేర్పుతుంది. వాయిదాకి దిగినప్పుడు పాత రాళ్ళదారినే దిగుతుంది, కొత్త రోడ్డు మీద కాలు పెట్టదు. మా ఇంటికొస్తే నేను కాఫీ ఇస్తాను, నాలుగు తిట్లు తిడతాను, వింటుంది. "నువ్వలా కోర్టుల చుట్టూ తిరుగుతూ ముసల్దానివైపోతావే" అంటే, "మీరైనారు కదా మేడమ్, బాగానే ఉన్నారు" అంటుంది.

రోడ్డు వచ్చింది, మరి రాలేదని ఎలా అంటాను? అటవీ శాఖ ఒప్పుకుంది, మ్యాపులో కనిపించింది, పైనుంచి శాంక్షన్ వచ్చింది. వచ్చి రిసార్టు గేటు దాకా వేశారు. గేటు అవతల తారు అంచు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అక్కడి నుంచి రాళ్ళు. రాళ్ళ పైన ఆ పిల్ల ఊరు. మొన్న చప్టా మీద నిలబడితే వాళ్ళ వంటపొగ కనిపించింది నాకు.

స్పీకర్లో గొంతు మళ్ళీ "నీరు" అంది, "ఊ" వచ్చింది. మెడలో కార్డు వేసుకున్న మేనేజరు కుర్రాణ్ణి పిలిచి, ఇది ఎక్కడిది బాబూ అని అడిగాను.

"నెట్లో దొరికింది మేడమ్. ఫారిన్లో ఎవరో ప్రోగ్రాం చేశారు. ట్రైబల్ సాంగ్. గెస్టులకి బాగా నచ్చుతోంది."

"ఇది పాట కాదు నాయనా. ఒక మనిషి ప్రాణం పోయిన దారి. చివర్లో ఊ రాదు చూడు, అక్కడ పోయింది."

"అదా మేడమ్" అన్నాడు వాడు సంతోషంగా. "అక్కడే అందరూ చప్పట్లు కొడతారు."

కొట్టారు కూడా. "దిగుడు" అంది గొంతు. బదులు రాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పైకెత్తి, నవ్వుతూ చప్పట్లు కొట్టారు. డప్పు మోగింది, మళ్ళీ మొదటి నుంచి, రాయి, ఊ.

అప్పుడు నేను ఏం చేశానో మా చెల్లెలి కూతురు ఇప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేసింది. కాబట్టి దాచి లాభం లేదు. వరసలో ఉన్నవాళ్ళని తోసుకుని వెళ్ళాను. మఖమల్ దిండు తీసి అవతల పారేశాను. డోలీలో కూర్చున్నాను. నా బరువు తక్కువేం కాదు, బొంగు కిర్రుమంది.

"ఎత్తమంటారా అమ్మా?" అన్నాడు ముందున్న కుర్రాడు.

"ఎత్తొద్దు."

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "దిగండి మేడమ్, వెనక క్యూ ఉంది."

"ఉండనీ."

"పెద్దమ్మా, అందరూ చూస్తున్నారు" అంది మా పిల్ల, ఏడుపు గొంతుతో.

"చూడనీవే. చూడ్డానికే కదా అందరూ కొండెక్కింది."

"ఎంతసేపు కూర్చుంటారు మేడమ్ ఇలాగ?"

"ఊ అనేదాకా."

"ఎవరనాలి?"

గేటు అవతల తారు ఆగిపోయిన చోటు చూపించాను. "ఆ దారి ఎవులెయ్యాలో ఆలు."

మేనేజరు ఎవరికో ఫోను కలిపాడు. ముందున్న కుర్రాడు నన్నే చూస్తున్నాడు. తర్వాత మెల్లిగా ఈకల టోపీ తీసి చప్టా మీద పెట్టాడు.

"మాది ఆ పై ఊరేనమ్మా" అన్నాడు. "ఇక్కడ మమ్మల్ని రాయి, నీరు అని దారి పిలవొద్దన్నారు, గెస్టులు జడుస్తారని."

వెనకవాడు కూడా టోపీ తీసేశాడు. ఇద్దరూ బొంగుకి ఆ చివరొకడు ఈ చివరొకడు నేల మీద కూర్చున్నారు.

స్పీకర్లో ఆ పిల్ల తండ్రి మళ్ళీ "దిగుడు" అన్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ ఊ అనలేదు. మేమూ కదల్లేదు.